కూల్చివేతకు లెక్క లేదు: చారిత్రక ప్రభుత్వ భవనాల విషయంలో హరితభవన వాదంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు రాష్ట్రాల్లో చారిత్రక ప్రభుత్వ భవనాల గురించిన చర్చ రెండు వేర్వేరు దారుల్లో సాగుతోంది. ఒక దారిలో అవి వారసత్వ సంపద. రెండవ దారిలో కొత్తగా కట్టే భవనాలు ‘హరిత’ భవనాలు. పాత భవనాన్ని పర్యావరణ దృష్టితో తూచే మూడవ దారి దాదాపుగా కనిపించదు. హైదరాబాదు సచివాలయం, ఎర్రమంజిల్, కాచిగూడ, సికింద్రాబాద్ రైల్వేస్టేషన్లు, ఉస్మానియా ఆసుపత్రి ఉదాహరణలను, పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామల సున్నపురాయి చరిత్రను ఆధారంగా చేసుకొని ఈ లోపాన్ని విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. భవననిర్మాణానికి సంబంధించిన తెలుగు వృత్తిపదజాలం ఈ చర్చలో ఎందుకు అవసరమో కూడా ఇందులో ప్రస్తావించాను.

కీలకపదాలు: హరితభవనం, జీర్ణోద్ధరణ, మన్నిక, గానుగసున్నం, సచివాలయం, ఎర్రమంజిల్, జగ్గయ్యపేట, తాలూకా కచేరీ.

1. ప్రవేశిక

2020 జులై 7 తెల్లవారుజామున హైదరాబాదులో సచివాలయ భవనసముదాయం కూల్చివేత మొదలైంది. ఆ సముదాయంలోని జి బ్లాకు 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్. ఆరవ నిజాం కాలంలో కట్టిన ఆ భవనం తరువాతి కాలంలో ముఖ్యమంత్రుల కార్యాలయంగా కూడా పనిచేసింది. అదే స్థలంలో నిర్మించిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఆ తరువాత దానికి భారతీయ హరితభవన మండలి నుండి స్వర్ణశ్రేణి గుర్తింపు వచ్చింది. పత్రికలు ఈ వార్తను సహజంగానే హర్షంతో ప్రచురించాయి.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. ఒక స్థలంలో ఉన్న లక్షల చదరపు అడుగుల కట్టడాన్ని శిథిలం చేసి, అక్కడే మళ్లీ లక్షల చదరపు అడుగులు కట్టినప్పుడు, రెండవ కట్టడం ఎంత తక్కువ విద్యుత్తు వాడుతుందన్న ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంది. మొదటి కట్టడంతోపాటు ఏమేమి పోయిందన్న ప్రశ్నను అడిగే వ్యవస్థ మాత్రం లేదు. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్న గురించే.

కొత్త సచివాలయం అవసరమా కాదా అన్న రాజకీయ వివాదం జోలికి ఇక్కడ పోవడం లేదు. పాత భవనాల్లో అగ్నిప్రమాద రక్షణ చాలదనీ, బ్లాకులు చెల్లాచెదురుగా ఉన్నాయనీ ప్రభుత్వం చెప్పిన కారణాలను తేలికగా కొట్టిపారేయలేం. అయితే ఆ కారణాలన్నీ నిజమే అనుకున్నా, కూల్చివేతకు ఒక పర్యావరణ ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఏ కాగితం మీదా కనిపించకపోవడమే విమర్శించవలసిన విషయం.

2. మాటల దగ్గరే మొదలైన చిక్కు

ఇంగ్లీషు నుండి వచ్చిన ఒక భావనకు తెలుగులో ‘సుస్థిరత’ అన్న మాట స్థిరపడింది. ఈ మాటతో ఒక ఇబ్బంది ఉంది. ఎన్నికల కాలంలో ‘సుస్థిర ప్రభుత్వం’ అంటే పడిపోని ప్రభుత్వం. అదే విశేషణాన్ని భవనానికి తగిలిస్తే సామాన్య పాఠకునికి తట్టేది కూలిపోని భవనం. భూమి వనరులను హరించకుండా నిలిచే భవనం అన్న అర్థం అంత వెంటనే స్ఫురించదు. ‘హరితభవనం’ పరిస్థితి మరీ విచిత్రం. హరితమంటే పచ్చదనం కనుక మిద్దె మీద మొక్కలు, ఆవరణలో గడ్డి కనిపిస్తే చాలునన్న భావం అందులో నుండి పుట్టుకొచ్చింది.

తెలుగులో ఇంతకన్నా పొందికైన మాట ఒకటి చిరకాలంగా ఉంది: మన్నిక. ‘మను’ ధాతువు నుండే మనుగడ, మన్నిక రెండూ వచ్చాయి. మన్నికైన వస్తువు అంటే ఎక్కువకాలం బతికే వస్తువు. బట్ట కొనేటప్పుడూ, మంచం చేయించేటప్పుడూ తెలుగువారు అడిగే మొదటి ప్రశ్న మన్నిక గురించే. ప్రభుత్వ భవనం విషయంలో మాత్రం ఈ ప్రశ్న అడగడం మానేశాం.

శాసనభాషలో ఇంకొక మాట ఉంది. దేవాలయాలకు, విహారాలకు భూములిచ్చిన దాతలు ఆ దానం దేనికి వినియోగించాలో చెప్పేటప్పుడు ధూపదీప నైవేద్యాలతోపాటు ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణను కూడా పేర్కొనడం శాసనపరిశోధకులకు సుపరిచితం. విరిగినది, పగిలినది, శిథిలమైనది బాగుచేయడానికి ఆదాయాన్ని ముందే కేటాయించడం దాని తాత్పర్యం. కట్టడం, కట్టినదాన్ని నిలబెట్టడం అనే రెండు పనులూ ఒకే దానపత్రంలో ఉండేవి. నేటి ప్రభుత్వ పద్ధతిలో ఇవి విడిపోయాయి. నిర్మాణానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. గోడకు పట్టిన చెమ్మను ఆపడానికి ఎవరూ ఫలకం వేయించుకోరు. నిర్వహణ పద్దు కింద సున్నం వేయించడం వాయిదా పడుతూ పోతుంది. కొంతకాలానికి భవనం ‘శిథిలావస్థకు చేరుకున్నది’ అన్న నివేదిక వస్తుంది. ఈ వాక్యంలోని క్రియను గమనించాలి. భవనం తనంత తాను ఆ అవస్థకు చేరుకున్నట్లుగా ఉంటుంది. చేర్చినవారు వాక్యంలో ఉండరు.

3. రెండు తీర్పులు, ఒక ఖాళీ

2019 జూన్ 27న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున రెండు భూమిపూజలు జరిపింది. ఒకటి కొత్త సచివాలయానికి. రెండవది ఎర్రమంజిల్‌లో కొత్త శాసనసభా భవనానికి. ఎర్రమంజిల్ 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ముల్క్ కుటుంబానికి చెందిన సౌధంగా వెలసి, తరువాత ప్రభుత్వం చేతికి వచ్చింది. రోడ్లు భవనాల శాఖ ఇంజినీర్ల కార్యాలయాలు ఉన్నది ఆ ఆవరణలోనే. భవనాలను కాపాడవలసిన శాఖ కూర్చున్న చోటనే ఒక చారిత్రక భవనం కూల్చివేత జాబితాకు ఎక్కడం కల్పించి రాసినా నమ్మశక్యం కాని విషయం.

2019 సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రిమండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. వారసత్వ భవనాలకు ఉన్న చట్టపరమైన రక్షణను, పట్టణాభివృద్ధి సంస్థ పాత్రను ప్రభుత్వం పరిగణించకుండా నిర్ణయం తీసుకున్నదన్నది అందులోని ప్రధానాంశం. తొమ్మిది నెలల తరువాత, 2020 జూన్ 29న, సచివాలయం విషయంలో అదే హైకోర్టు ప్రభుత్వ విధాన నిర్ణయంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఒక భవనం నిలిచింది, ఇంకొకటి పోయింది.

ఈ రెండింటినీ పోల్చి న్యాయశాస్త్ర దృష్టితో రాయదగినది చాలా ఉంది. పర్యావరణ చర్చకు మాత్రం మూడవ ఘట్టమే ముఖ్యం. కూల్చివేత మొదలైన తరువాత, దానికి ముందస్తు పర్యావరణ అనుమతి అవసరమా అన్న ప్రశ్న హైకోర్టు ముందుకు వచ్చింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి కావాలి. కూల్చివేత కూడా ‘భూమిని సిద్ధం చేయడం’ కిందికి వస్తుందా? రాదని చెబుతూ హైకోర్టు 2020 జులై 17న ఆ వ్యాజ్యాలను కొట్టివేసింది. చట్టం అక్షరాన్ని బట్టి ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. తప్పు అక్షరంలోనే ఉంది. పెద్ద కట్టడం కట్టాలంటే పర్యావరణ మదింపు జరగాలి. అంతే పెద్ద కట్టడాన్ని నేలమట్టం చేయాలంటే ఆ మదింపు అక్కరలేదు. శిథిలాలు లేచిన తరువాత వాటిని ఎక్కడ పారవేయాలన్న దానికి వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఉన్నాయి. అంటే చారిత్రక భవనం పర్యావరణ చట్టం దృష్టికి మొట్టమొదటిసారిగా వచ్చేది చెత్తగా మారిన తరువాతనే.

హరితభవన శ్రేణుల పద్ధతి కూడా ఈ ఖాళీని పూరించదు. నీటి పొదుపు, విద్యుత్తు పొదుపు, స్థానిక సామగ్రి, గాలి వెలుతురు వంటి అంశాలకు మార్కులు వేసి, మొత్తం మీద శ్రేణి నిర్ణయించడం దీని స్వభావం. పాత నిర్మాణాన్ని వాడుకున్నవారికి కొన్ని పద్ధతుల్లో అదనపు మార్కులు రావచ్చు. కాని కావాలనుకుంటే తెచ్చుకునే మార్కులు అవి. వాటిని వదులుకున్నవారు వేరే అంశాల్లో భర్తీ చేసుకోవచ్చు. కూల్చినందుకు కోత లేదు. పరీక్షపత్రాలు దిద్దే మనవంటి అధ్యాపకులకు ఈ ‘ఛాయిస్’ ప్రశ్నల మర్మం వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదు ఈ ఉద్యమానికి కేంద్రం కావడం వల్ల ఈ విమర్శకు మరింత అవసరం ఉంది. భారతీయ హరితభవన మండలి 2001 నుండి ఈ నగరంలోనే పనిచేస్తోంది. 2004లో ఇక్కడ ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం శ్రేణి పొందిన మొదటి భవనంగా పేరుపొందింది. దేశానికి హరితభవన పాఠం చెప్పిన నగరం తన పాత భవనాలకు ఆ పాఠాన్ని ఎలా అన్వయించిందన్నది న్యాయమైన ప్రశ్న.

4. జగ్గయ్యపేట సున్నపురాయి: రెండు వేల ఏళ్ల సాక్ష్యం

ఈ ప్రశ్నను హైదరాబాదు నుండి పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి తీసుకొనిపోవడానికి కారణం ఉంది. నగరంలో లేచే కాంక్రీటుకు మూలద్రవ్యం ఇటువంటి నేలల్లోనే ఉంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల భూగర్భశాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే రాతిపొరలు ఉన్నాయి. జయంతిపురం, ముక్త్యాలలలోని సిమెంటు కర్మాగారాలు ఆ రాయి మీద ఆధారపడినవే.

అదే సున్నపురాయి కుటుంబానికి చెందిన రాతిపలకల మీదనే అమరావతి, జగ్గయ్యపేట బౌద్ధశిల్పాలు వెలిశాయి. జగ్గయ్యపేట దగ్గర ‘ధనంబోడు’ అని ఊరివారు పిలిచే దిబ్బలో బయటపడిన స్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించి, 1887లో అమరావతితో కలిపి గ్రంథస్థం చేశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో అక్కడ ఆయక స్తంభాలను నిలిపినవాడు రాజూ కాదు, శ్రేష్ఠీ కాదు; నాకచంద్రుని కుమారుడైన సిద్ధార్థుడనే శిల్పి. శాసనం అతనిని ‘ఆవేశని’ అంటుంది. పనివాళ్ల మీద పెద్ద అన్నమాట, నేటి భాషలో మేస్త్రీ. ఆ ప్రాంతపు సున్నపురాయి చరిత్రలో మనకు పేరుతో తెలిసిన తొలి దాతల్లో ఒకడు మేస్త్రీ కావడం ఈ వ్యాసానికి అవసరమైన విషయమే. మరమ్మతు చేయగల చేతుల గురించి తరువాత మాట్లాడుకోవలసి ఉంది.

కూల్చివేతల చరిత్ర కూడా ఇక్కడే మొదలవుతుంది. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా కట్టించుకున్నాడు. బేతవోలుకు తండ్రి పేర జగ్గయ్యపేట అని పేరు పెట్టాడు. ఆ నిర్మాణాల కాలంలో అమరావతి స్తూపపు రాళ్లు కొత్త కట్టడాల్లోకి చేరాయి. కొన్ని పలకలు సున్నపుబట్టీకి కూడా పోయాయి. ఈ విషయాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో చరిత్ర పట్ల అజ్ఞానంగా చెప్పుకుంటాం. వెంకటాద్రి నాయుని కాలం వారికి ఒక విషయంలో మాత్రం మనకన్నా మెరుగైన లెక్క ఉంది: పాత రాయిని వారు కొత్త గోడలో పెట్టుకున్నారు. సిమెంటుతో అతికిన ఇటుకను విడదీసి మళ్లీ వాడడం అంత తేలిక కాదు. సున్నంతో కట్టిన గోడలోని ఇటుక గీరితే శుభ్రంగా ఊడివస్తుంది, ఇంకొక గోడకు పనికివస్తుంది.

సున్నం గురించి అతిశయోక్తులు కూడా ఉన్నాయి కనుక రసాయనాన్ని కొద్దిగా చూడాలి. స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది; 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీలో కాల్చినా, కర్మాగారంలో కాల్చినా ఈ నిష్పత్తి మారదు. అందుచేత ‘సున్నం కాలుష్యరహితం’ అన్న ప్రచారం తప్పు. తేడాలు వేరేచోట ఉన్నాయి. సున్నానికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు. సిమెంటు క్లింకరుకు 1,450 డిగ్రీలు కావాలి. గోడలో ఆరే సున్నం సంవత్సరాల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. విడిచినదానిలో కొంతభాగం అలా తిరిగి వస్తుంది. సిమెంటు కూడా కొంత పీల్చుకుంటుంది, కాని తక్కువగా, చాలా నెమ్మదిగా. ప్రపంచం మొత్తం మీద విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుండి 8 శాతం సిమెంటు తయారీ నుండే వస్తోందన్న అంచనా సర్వత్రా ఆమోదం పొందినది.

కాని చారిత్రక భవనం విషయంలో సున్నానికి ఉన్న అసలు బలం ఈ లెక్కల్లో లేదు. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. వానకు లోపలికి చేరిన తేమ సున్నపు పూతలోని సూక్ష్మరంధ్రాల గుండా ఆవిరిగా బయటికి పోతుంది. అటువంటి గోడకు ‘గట్టిగా ఉంటుంది’ అని సిమెంటు పూత వేస్తే తేమ లోపల చిక్కుకుంటుంది, ఉప్పు పేరుకుంటుంది, కొన్నాళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది, దానితోపాటు ఇటుక పొర కూడా రాలుతుంది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ 2013లో మొదలై సుమారు పదేళ్లు సాగినప్పుడు, గతంలో వేసిన సిమెంటును తొలగించి సున్నంతో తిరిగి పూయడం ఆ పనిలో ముఖ్యభాగం అయింది. ఒక తరం చేసిన మరమ్మతును ఇంకొక తరం మరమ్మతు చేయవలసి వచ్చింది.

5. మిద్దె, కచేరీ, గాలి

1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. రెడ్డిగూడెం వంటి ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. పరిపాలన ప్రజలకు దగ్గరైంది. ఆ ప్రయోజనాన్ని కాదనలేం. అయితే అప్పటిదాకా తాలూకా కచేరీలుగా పనిచేసిన భవనాల నుండి అధికారం బయటికి నడిచిపోయింది. కొత్త మండల కార్యాలయాలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాల, తొమ్మిది అంగుళాల గోడలు, పలుచని కాంక్రీటు కప్పులతో లేచాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతంలో ఆ గదుల్లో మధ్యాహ్నం ఫైలు విప్పినవారెవరికైనా ఆ కప్పు సంగతి తెలుసు.

ఆంధ్రదేశంలో పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల్లో కట్టిన కచేరీల తీరు వేరు. మందమైన ఇటుక గోడలు, ఎత్తైన కప్పు, పైన గవాక్షాలు, చుట్టూ స్తంభాల వసారా. మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద దంతెలు, వాటిమీద పలుచని ఇటుకలను ఏటవాలుగా నిలువుగా పేర్చి, పైన సున్నపు కంకర దట్టించి, గచ్చు చేసేవారు. వసారా ఎండను గోడదాకా రానివ్వదు. మందపు గోడ పగటి వేడిని లోపలికి చేరడానికి సాయంత్రందాకా ఆపుతుంది. అప్పటికి కార్యాలయం మూసే వేళ అవుతుంది. రాత్రి కిటికీలు తెరిస్తే గోడ చల్లబడుతుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. పగలు మాత్రమే పనిచేసే కార్యాలయానికి ఇంతకన్నా అనువైన నిర్మాణపద్ధతిని ఊహించడం కష్టం.

మరి ఆ భవనాల్లో నేడు ఉక్కపోతగా ఎందుకుంటుంది? చాలాచోట్ల జవాబు ఒకటే: వసారాలను గోడకట్టి గదులు చేశారు, ఎత్తైన కప్పు కింద దొంగకప్పు వేశారు, గవాక్షాలను మూసి ఏసీలు బిగించారు, మిద్దె కారుతున్నదని పైన కాంక్రీటు పొర పోశారు. దూలాల మీద బరువు పెరిగింది, చెమ్మ లోపల ఉండిపోయింది. అటువంటి భవనాన్ని కొలిచి ‘పాత భవనాలు విద్యుత్తును ఎక్కువగా తింటాయి’ అని తేల్చడం, కాళ్లు కట్టి పరుగుపందెంలో నిలబెట్టినట్లే. చారిత్రక ప్రభుత్వ భవనాన్ని పర్యావరణహితంగా మార్చడమంటే చాలా సందర్భాల్లో కొత్తగా చేర్చడం కన్నా ముందు, చేర్చినదాన్ని తీసివేయడం.

ఈ పనికి కావలసిన జ్ఞానం తెలుగు మాటల్లో ఉంది. డంగుసున్నం, గుల్లసున్నం, సున్నపుగానుగ, గచ్చు, దంతె, కరక్కాయ నీళ్లు, బెల్లపు పానకం: వీటిలో ప్రతి మాట వెనుక ఒక పాళ్ల లెక్క, ఒక నానబెట్టే గడువు, ఒక చేతివాటం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల పరంపరలో గృహనిర్మాణ పదాల సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ రూపొందించిన సంగతి తెలుగుశాఖల్లో అందరికీ తెలుసు. దానిని మనం భాషాశాస్త్రపు గ్రంథంగా మాత్రమే చదివాం. పాత కచేరీ మిద్దె బాగుచేయబోయే ఇంజినీరు బల్ల మీద ఉండవలసిన పుస్తకం కూడా అదే. ఈ రెండు బల్లల మధ్య దూరాన్ని తగ్గించే పరిశోధన ఏ విశ్వవిద్యాలయంలోనైనా చేయవచ్చు. తాపీమేస్త్రీల వద్దకు వెళ్లి, మాటతోపాటు పాళ్లను కూడా సేకరించడమే దానికి కావలసింది.

మన రాతల్లోని ఇంకొక లోపాన్ని కూడా ఒప్పుకోవాలి. చారిత్రక భవనాల గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ‘రాజసం ఉట్టిపడే’, ‘ఠీవిగా నిలిచిన’, ‘గతవైభవానికి ప్రతీక’ వంటి మాటలు విరివిగా కనిపిస్తాయి. ఇంజినీరు నివేదికలో ‘దూలాలు బలహీనం’ అని ఉన్నప్పుడు ‘రాజసం’ అన్న మాట దానికి జవాబు కాజాలదు. ఏ దూలం, ఎంత పొడవున, ఏ కారణం చేత, మార్చడానికి ఎంత కలప కావాలి అని అడిగినప్పుడే అది జవాబు అవుతుంది.

6. రెండు స్టేషన్లు, ఒక బెజవాడ అనుభవం

కాచిగూడ రైల్వేస్టేషన్ 1916లో, ఏడవ నిజాం కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో వెలసింది. హైదరాబాదు హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణాలతోనూ ముడిపడిన వాస్తుశిల్పి ఆయన. కాచిగూడలో రోజూ వేలమంది ప్రయాణికులు తిరుగుతుండగానే దీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు, సౌరవిద్యుత్తు ఏర్పాటు చేశారు, హరితభవన మండలి గుర్తింపు తెచ్చుకున్నారు. గుమ్మటాలు, కమానులు అలాగే ఉన్నాయి. నూరేళ్లు దాటిన ప్రభుత్వ భవనం పని మానకుండా, రూపు మారకుండా విద్యుత్తు ఖర్చు తగ్గించుకోగలదనడానికి తెలుగునాట ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

సికింద్రాబాద్ స్టేషన్ కథ ఇంకొక రకం. దానికి ఆ మండలి నుండి ప్లాటినం శ్రేణి వచ్చింది. తరువాత 2023 ఏప్రిల్‌లో సుమారు 700 కోట్ల రూపాయల పునరభివృద్ధికి శంకుస్థాపన జరిగింది. 2025లో నగరవాసులకు చిరపరిచితమైన పాత ముఖభవనాన్ని కూల్చారు. ప్రయాణికుల రద్దీ పెరిగిన మాట వాస్తవం. కాని అత్యున్నత హరితశ్రేణి పొందిన భవనం పదేళ్లయినా నిలవకపోతే, ఆ శ్రేణి దేనిని కొలిచినట్లు? అది భవనం ఏడాది ఖర్చును కొలిచింది. ఆయుర్దాయాన్ని కొలవలేదు. మన్నిక అన్న మాట ఆ పత్రంలో లేకపోవడం ఇక్కడ ఫలితంగా కనిపిస్తోంది.

విజయవాడలో చిన్నదే అయినా గమనించదగిన అనుభవం ఉంది. 1877లో అమరావతి తవ్వకాలు జరిపిన రాబర్ట్ సీవెల్ 1887లో విక్టోరియా జూబిలీ భవనానికి పునాది వేశాడు. 1921లో గాంధీజీ బెజవాడ వచ్చినప్పటి కాంగ్రెసు సమావేశాల చరిత్రతో, పింగళి వెంకయ్య పతాకంతో ఆ భవనానికి సంబంధం ఉంది. ప్రదర్శనశాల పురావస్తుశాల అయింది. మరమ్మతుల తరువాత 2020 అక్టోబరు 1న బాపు మ్యూజియంగా తిరిగి తెరుచుకుంది. రాష్ట్ర విభజన తరువాత అదే నగరంలో నీటిపారుదల శాఖ కార్యాలయ భవనం ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయమై, 2019లో రాజ్‌భవన్ అయింది. ఈ మార్పును ఎవరూ పర్యావరణ విజయంగా ప్రకటించలేదు. అవసరం తరుముతుంటే ఉన్నదానిని వాడుకున్నారు, అంతే. కాని ఒక రాజ్‌భవన్‌కు సరిపడా సిమెంటు, ఉక్కు, ఇసుక ఆదా అయిన మాట నిజం.

7. ఉస్మానియా అడిగే ప్రశ్న

ఇంతవరకు చేసిన వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఉస్మానియా ఆసుపత్రి నుండి వస్తుంది. 1908 మూసీ వరద తరువాత పునర్నిర్మితమైన హైదరాబాదుకు అది గర్వకారణం. 2020 జులైలో వాననీరు ఆ పాత భవనపు వార్డుల్లోకి చేరింది. మంచాల మధ్య నీళ్లలో నిలబడిన రోగుల చిత్రాలు చూసిన తరువాత ‘పాత భవనమే పచ్చని భవనం’ అన్న నినాదం పలకడానికి నోరు రాదు. రోగి హక్కు ముందు, భవనం హక్కు తరువాత. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత స్థలంలోనే కూల్చి కట్టాలన్న ప్రతిపాదన చాలాకాలం నడిచిన తరువాత ఈ నిర్ణయం రావడం నా దృష్టిలో మేలైన మార్పు. రోగులు సరైన భవనంలోకి వెళతారు; పాతది నిలుస్తుంది.

అయితే ఖాళీగా నిలిచిన భవనం ఎంతకాలం నిలుస్తుంది? వాడుకలో లేని భవనానికి నిర్వహణ పద్దు ఉండదు. పర్యావరణ లెక్కలో కూడా ఖాళీ భవనం ఆదా కాదు; దానిలో ఇప్పటికే ఇమిడిన శ్రమ, ఇంధనం, రాయి వృథాగా పడి ఉన్నట్లే. అమెరికాలో చారిత్రక పరిరక్షణ ట్రస్టు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సగటు కన్నా 30 శాతం తక్కువ శక్తిని వాడే కొత్త భవనం కూడా తన నిర్మాణంవల్ల కలిగిన వాతావరణ నష్టాన్ని పూడ్చుకోవడానికి 10 నుండి 80 ఏళ్లు పడుతుంది. ఈ సంఖ్యను మన దేశానికి యథాతథంగా తెచ్చుకోకూడదు. మన విద్యుత్తులో బొగ్గు వాటా ఎక్కువ కనుక, వాడకంలో చేసే పొదుపు విలువ ఇక్కడ మరింత ఉంటుంది. పూడ్చుకునే గడువు తగ్గవచ్చు. కాని ఆ లెక్క తేలాలంటే కూడా పోలిక కావాలి: అదే అవసరానికి పాత భవనాన్ని బాగుచేస్తే ఎంత, కూల్చి కడితే ఎంత.

ఈ పోలికకు చట్టసవరణ కోసం ఎదురుచూడనక్కరలేదు. రోడ్లు భవనాల శాఖ ఏ భవనాన్నైనా ‘వినియోగానికి అయోగ్యం’ అని ప్రకటించే నివేదికలో అదనంగా మూడు వరుసలు చేర్చవచ్చు: గడచిన ఇరవై ఏళ్లలో దాని నిర్వహణకు చేసిన ఖర్చు, కూలిస్తే వచ్చే శిథిలం బరువు, అందులో తిరిగి వాడదగిన కలప, రాయి, ఇటుక, కొత్త భవనానికి పట్టే సిమెంటు, ఉక్కు. మూడూ ఆ శాఖ పద్దుల్లోనో, అంచనాల్లోనో ఉండే సంఖ్యలే. మొదటి వరుస ఒక్కటే చాలాచోట్ల వివాదాన్ని మార్చివేస్తుంది. ఎందుకంటే అందులో సున్న కనిపించిన చోట, ‘శిథిలావస్థకు చేరుకున్నది’ అన్న వాక్యానికి కర్త ఎవరో కూడా కనిపిస్తుంది.